వాతావరణ సదస్సులకు వెళ్ళే కార్యకర్తల ప్రవేశానికి రక్షణ ఉండాలా?

తుంగభద్ర తీరం (కర్నూలు): ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులకు పరిశీలకులుగా వెళ్ళే పౌరసంఘాల వారికి గట్టి రక్షణ ఉండాలన్నది నా వాదన. ఈ సదస్సులకు మూలమైన 1992 నాటి ఐరాస వాతావరణ ఒప్పందంలోని 7వ అధికరణం ప్రకారం, హాజరైన దేశాల్లో మూడో వంతు అభ్యంతరం చెప్పకపోతే అర్హత గల సంస్థలను అనుమతించవచ్చు. కాగితం మీద ఇంత ఉన్నా, 2019 డిసెంబరులో మాడ్రిడ్‌లో నిరసన తెలిపిన దాదాపు 200 మందిని భద్రతా సిబ్బంది వేదిక నుంచి బయటికి పంపేశారు. 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లోనైతే వేదిక వెలుపలి నిరసనలకు ఒక ఆవరణ కేటాయించి, అక్కడికి రావాలన్నా ముందే నమోదు చేసుకోవాలన్నారు. ఆతిథ్య దేశంతో కుదిరే ఒప్పందంలోనే వీసా గురించి, వాక్‌స్వేచ్ఛ గురించి, అరెస్టు నుంచి రక్షణ గురించి స్పష్టంగా రాసి, ఆ ఒప్పందాన్ని సదస్సుకు ముందే ప్రజల ముందు పెట్టాలి.

మెట్ట రైతు (కళ్యాణదుర్గం): వారి విమాన టికెట్ ఎవరు కొన్నారో ముందు చెప్పండి.

తుంగభద్ర తీరం: టికెట్‌కూ ఈ చర్చకూ సంబంధం లేదండీ. 2023 దుబాయ్ సదస్సుకు చమురు, గ్యాస్, బొగ్గు ప్రయోజనాల తరఫున 2,456 మంది హాజరయ్యారని పౌరసంఘాల కూటమి ఒకటి లెక్కగట్టింది. వారి టికెట్ సంగతి మీరు అడగలేదు.

పెన్నా గట్టు (కడప): మా మండలంలో ఒక గనికి పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ జరిపినప్పుడు షామియానా చుట్టూ ఇనుప కంచె వేసి, ముందు వరుసలన్నీ కంపెనీ బస్సుల్లో వచ్చిన వారితో నింపేశారు. బోరు నీళ్ళ రంగు మారిందని చెప్పబోయిన మా పెదనాన్న చేతిలోంచి రెండో మాటకే మైకు లాగేసుకున్నారు. అక్కడైనా ఇక్కడైనా జరుగుతున్నది ఇదే.

మెట్ట రైతు: మీ పెదనాన్నగారికి జరిగింది అన్యాయమే. అయితే ఆయన ఆ నీళ్ళు తాగే మనిషి, పర్యావరణ అనుమతులపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం అక్కడ మాట్లాడే హక్కు ఆయనకు ఉంది. దుబాయ్ వెళ్ళినవారు ఏ బోరు నీళ్ళు తాగుతున్నారు? టికెట్ ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు.

కోర్టు వీధి (కర్నూలు): అడ్డంకి అక్కడి గేటు దగ్గరే మొదలవుతుందని అనుకోకండి. బ్రిటన్ పార్లమెంటు సభ్యులతో మాట్లాడేందుకు లండన్ బయలుదేరిన గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ కార్యకర్త ప్రియా పిళ్ళైని 2015 జనవరిలో ఢిల్లీ విమానాశ్రయంలోనే నిలిపివేశారు. ఆమెను దేశం దాటనివ్వొద్దంటూ జారీ చేసిన లుకౌట్ సర్క్యులర్‌ను మార్చిలో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది.

పెన్నా గట్టు: టికెట్, టికెట్ అంటూ కంపెనీవాళ్ళ పాటే పాడుతున్నారు మీరు.

మెట్ట రైతు: నన్ను కంపెనీ మనిషిని చేసే ముందు ఇది వినండి. వేరుశనగలో ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేసి, నేల గట్టిపడి, ఊడలు పైనే మాడిపోయిన ఏడాది, ఒక సంస్థవారు వచ్చి నన్ను ఆ చేనులో నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. విదేశీ సదస్సులో చూపిస్తామన్నారు. నా పేరు చెప్పి అక్కడ ఏమి అడిగారో, ఏమి తెచ్చారో తిరిగివచ్చి చెప్పిన పాపాన పోలేదు. వారిని లోపలికి రానిచ్చారన్న బాధ నాకు లేదు. మా తరఫున మాట్లాడే అధికారం వారికి ఎవరిచ్చారన్నదే మొదటి నుంచీ నా మనసులో ఉన్న ప్రశ్న.

తుంగభద్ర తీరం: ఇది న్యాయమైన ప్రశ్న, ఆ సంస్థ మీకు జవాబుదారీ. పరిశీలకుల తొమ్మిది వర్గాల్లో రైతులకూ ఒకటి ఉంది కాబట్టి మీ సంఘమే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. వాతావరణ మార్పు వల్ల నష్టపోయిన దేశాలకు సాయం అందాలంటూ చిన్న ద్వీప దేశాలు 1991లోనే ఎత్తిన మాట 2022లో నిధిగా తేలడానికి, ఏళ్ళ తరబడి లోపల ఉండి ఒత్తిడి తెచ్చినవారి పాత్ర చిన్నది కాదు. వారే లేకపోతే ఏ దేశం ముసాయిదాలోంచి ఏ వాక్యాన్ని తీసేయించిందో మీకు గానీ నాకు గానీ తెలిసే దారి ఉండదు.

మెట్ట రైతు: అలాగైతే మీ కోరికల్లో ఇంకొకటి చేర్చండి. వెళ్ళేవారు ముందుగా రైతు సంఘాల ఎదుట ఏమి అడగబోతున్నారో చెప్పాలి, వచ్చాక మళ్ళీ అదే సభలో లెక్క అప్పజెప్పాలి. అంతవరకు మీ వినతిపత్రం మీద నేను సంతకం పెట్టను.

పెన్నా గట్టు: లెక్క అడగండి, మీతో పాటు నేనూ అడుగుతాను. కానీ దాన్ని ప్రవేశానికి షరతుగా రాయిస్తే, మా పెదనాన్న మైకు లాక్కున్నవాళ్ళు రేపు అదే షరతు చూపించి మీ సంఘాన్నే ఆపుతారు. ఆ వాక్యానికి నేను ఒప్పుకోను.