పరోక్ష ఆఘాతం నుంచి కొత్త కౌన్సిలర్ ఎలా తేరుకోవాలి?

నమస్కారం. క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ పూర్తిచేసి, ఏడాదిన్నరగా ఒక జిల్లా కేంద్రంలో పనిచేస్తున్నాను. ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలవారు నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. పురుగుమందు తాగి పడిపోయిన తండ్రిని మొదటగా చూసిన ఒక పిల్లవాడితో (గోప్యత కోసం వివరాలు మార్చి రాస్తున్నాను) మూడు నెలల క్రితం మాట్లాడినప్పటి నుంచి, పొలాల మీదుగా ఆ మందు వాసన తగిలితే చాలు, నాకు గుండెదడ మొదలవుతోంది. రాత్రిళ్లు ఆ మాటలే చెవుల్లో వినిపిస్తున్నాయి. మనస్తత్వవేత్తలు మెకాన్, పర్ల్‌మన్ 1990లో వివరించిన పరోక్ష ఆఘాతం (ఇతరుల విషాదాలు వినీ వినీ సాయం చేసేవారి మనసే గాయపడటం) ఇదేనేమోనని నా అనుమానం. వారం రోజులు సెలవు పెట్టినా తగ్గలేదు కాబట్టి, కేవలం పని ఒత్తిడి అని సరిపెట్టుకోలేకపోతున్నాను.

చదువుకునే రోజుల్లో ప్రతి కేసునూ సూపర్‌వైజర్‌తో చర్చించేవాళ్లం. ఇక్కడ ఆ అవకాశమే లేదు. మా పై అధికారికి చెబితే ఈ వృత్తికి పనికిరానని అనుకుంటారేమోనన్న భయం ఉంది. అందరికీ నేనే ఇచ్చే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయడానికి కూడా చేయి రావడం లేదు.

ఈ దశ దాటిన సీనియర్లను అడుగుతున్నాను: తెలుగులో ఆన్‌లైన్ సూపర్‌విజన్ ఇచ్చేవారిని ఎలా వెతకాలి? ఇలాంటి కేసులు వారానికి ఎన్నింటికి పరిమితం చేసుకున్నారు? ఆ పిల్లవాడిని మధ్యలో వేరొకరికి అప్పగిస్తే మళ్లీ ఒంటరివాడవుతాడా?