ఫ్లాట్ అమ్మే ముందు అద్దె సోఫాలతో ముస్తాబు చేయాలా?

మియాపూర్_మూడో_అంతస్తు:
మాది మియాపూర్‌లో 12 ఏళ్ల ఫ్లాట్. రెండు బెడ్‌రూములు, 1,080 చదరపు అడుగులు, తూర్పు ముఖం. పాప స్కూలు కోసం వేరే చోటికి మారాం, ఇల్లు ఖాళీగా ఉంది. నాలుగు నెలల్లో పదిహేను మంది దాకా చూశారు. "ఇంట్లో మాట్లాడుకుని చెప్తాం" అన్నవాళ్లు ఒక్కరూ మళ్లీ ఫోన్ చేయలేదు. లక్షన్నర ఖర్చు పెట్టి రంగులు, లైట్లు, కర్టెన్లు, రెండు నెలలకు అద్దె సోఫా, మంచాలు వేస్తే ఐదు లక్షలు ఎక్కువ వస్తుందని మా మరిది అంటున్నాడు. కొనేవాళ్లు చూసేది ఫ్లాటుకి వచ్చే స్థలం వాటా (యూడీఎస్) ఎన్ని గజాలు, కాగితాలు సరిగా ఉన్నాయా అని, సోఫా ఎవడిక్కావాలి అని మావారు. ఇంకో మాట. చిన్న బెడ్‌రూమ్‌లో, బాత్రూమ్‌కి ఆనుకున్న గోడకు చెమ్మ ఉంది. రంగేస్తే కనబడదంటాడు మరిది. అక్కడే నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

నిజాంపేట_ఏజెంట్:
మీ మరిది చెప్పిందాంట్లో సగం నిజమే అక్కా. ఇప్పుడు ఎవరైనా ముందు ఫోన్‌లో ఫొటో చూస్తారు. అది నచ్చకపోతే ఇంటిదాకా రారు, ఇక మీ కాగితాలు చూసేదెప్పుడు? ఖాళీ ఫ్లాట్ ఫొటోలో గోదాములా కనబడుతుంది. అమ్మకం మొదలయ్యేది ఆ ఫొటో దగ్గరే.

బెల్‌వ్యూ_తెలుగు:
నేనూ ముస్తాబు వైపే. పోయినేడాది ఇక్కడ అమెరికాలో మా కాండో (ఫ్లాట్ లాంటిదే) అమ్మాం. ఇక్కడ దీన్ని స్టేజింగ్ అంటారు, సామాను అద్దెకిచ్చి సర్ది వెళ్లే కంపెనీలే ఉన్నాయి. ఖాళీ గదిలో చూపు నిలవదండీ. మంచం ఎటు పడుతుందో తోచదు, కన్ను నేరుగా స్విచ్ బోర్డు పక్కనున్న మరక మీదికే పోతుంది. మా హాల్లో డైనింగ్ టేబుల్ పట్టదని వచ్చినవాళ్లంతా అనేవారు. చిన్న గుండ్రటి బల్ల, నాలుగు కుర్చీలు వేశాక ఆ మాట మళ్లీ వినబడలేదు. కుటుంబం ఫొటోలు, దేవుడి మందిరం తీసేయమంది ఏజెంట్. తీసి క్లోజెట్‌లో పెట్టాం. ఆ మూడు వారాలు క్లోజెట్ తలుపు తీసి దండం పెట్టుకోవడం చాలా బాధగా అనిపించింది. కానీ ఇల్లు అమ్ముడుపోయింది.

ప్రగతినగర్_ఈఎంఐ:
నేను ఒప్పుకోను. 2022లో మేం కొన్నది అలా ముస్తాబు చేసిన ఫ్లాటే. పెద్ద బెడ్‌రూమ్‌లో మంచం, అటూ ఇటూ చిన్న బల్లలు, ఇంకా నడవడానికి బోలెడంత చోటు. మా ఆరు బై ఆరున్నర మంచం తెచ్చి వేస్తే బీరువా తలుపు సగమే తెరుచుకుంది. వాళ్లు వేసింది నాలుగడుగుల వెడల్పు మంచం, పైన పెద్ద దుప్పటి కప్పారు. మాకు చూపించిందేమో సాయంత్రం, లైట్లన్నీ వేసి. పక్క బిల్డింగ్ గోడ అడ్డం, మా హాల్లో మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైట్ వెలగాలి.

బ్యాంకు తరఫు ఇంజనీరు వచ్చి కొలుచుకుపోయాడు, సోఫా వైపు తలెత్తి కూడా చూడలేదు. మేం ఒప్పుకున్న ధరకన్నా నాలుగు లక్షలు తక్కువ విలువ కట్టాడు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు అప్పయితే ఆస్తి విలువలో 80 శాతం మించి ఇవ్వరు. ఆ తేడాకి మా ఆవిడ గాజులు తాకట్టులోకి వెళ్లాయి. ఎవరి ముస్తాబుకి ఎవరు కట్టారో చూడండి.

బెల్‌వ్యూ_తెలుగు:
మంచం కొలత తగ్గించడం మోసమే, దాన్ని నేను సమర్థించను. నేను చెప్పింది ఉన్న చోటుని ఉన్నట్టు చూపించడం గురించి.

రంగులపని_30ఏళ్లు:
చెమ్మ గోడ సంగతి చెప్తానమ్మా. అమ్మకానికి పెట్టేవాళ్ల నుంచి నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఇవే, "ఆ ఒక్క గోడ కనబడకుండా చేయండి" అని. పుట్టీ పెట్టి రెండు పూతలు రంగు వేస్తే కొన్నాళ్లు ఆగుతుంది. తర్వాత ఉప్పు పొంగి పెచ్చులు ఊడతాయి. బాత్రూమ్ అవతలి గోడ కాబట్టి తప్పు బాత్రూమ్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. టైల్స్ సందుల్లో గ్రౌటింగ్ పోయి ఉండాలి, లేదా నీళ్లు పోయే నహానీ ట్రాప్ చుట్టూ, లేదా గోడలోని పైపు జాయింటు. ముందు గ్రౌటింగ్ చేయించి చూడండి. తగ్గకపోతే టైల్స్ లేపి వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఒకటి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి పరీక్షించాలి. గోడ పూర్తిగా ఆరేదాకా రంగు డబ్బా తెరవొద్దు. ఎండలున్నప్పుడే ఆరబెట్టుకోండి.

కొనేవాళ్లకూ ఒక మాట. ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడ కొత్తగా మెరుస్తుంటే, స్కర్టింగ్‌కి జానెడు పైన అరచెయ్యి ఆనించి చూడండి.

దస్తావేజుల_పని:
చెమ్మ దాచడం చట్టరీత్యా కూడా తప్పే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఉంటే అమ్మేవారు చెప్పి తీరాలి. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం)లో కట్టుబడి లోపాలకి ఐదేళ్ల బాధ్యత బిల్డరుది, మీ 12 ఏళ్ల ఫ్లాట్‌కి అది అక్కరకు రాదు.

మీవారి మాటా కొట్టిపారేయొద్దు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం. 65 లక్షలకి దాదాపు 4.9 లక్షలు అవుతుంది. అంత కట్టబోయేవాళ్లు కర్టెన్ చూసి తొందరపడరు. ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఉండటానికి ఇచ్చిన అనుమతి), ఆస్తి పన్ను రసీదు, సొసైటీ బకాయిలు లేవన్న ఉత్తరం ఒకే ఫైల్లో పెట్టి, ఇల్లు చూపించిన రోజే చేతికివ్వండి.

బెల్‌వ్యూ_తెలుగు:
వాషింగ్టన్ రాష్ట్రంలో దీనికి ఫారం 17 ఉంది. ఇంటి లోపాల గురించి అడిగిన ప్రతిదానికీ అమ్మేవాళ్లు తమకు తెలిసింది రాసి సంతకం పెట్టాలి. అది అందాక మూడు పనిదినాల్లోపు కొనేవాళ్లు వెనక్కి తగ్గొచ్చు. సోఫా వేసినవాళ్లమే ఆ కాగితమూ ఇచ్చాం.

ప్రగతినగర్_ఈఎంఐ:
నేననేదీ అదేనండీ. అక్కడి నుంచి సోఫా తెచ్చుకున్నాం గానీ ఆ కాగితం తెచ్చుకోలేదు.

నిజాంపేట_ఏజెంట్:
అందరూ మోసగాళ్లన్నట్టు మాట్లాడకండి. శుభ్రం చేసి, వెలుతురు రానిచ్చి చూపించడం కూడా తప్పంటే ఎలా? పెళ్లిచూపులకి ఇస్త్రీ చీర కట్టుకుంటే అబద్ధం చెప్పినట్టా?

మియాపూర్_మూడో_అంతస్తు:
అందరికీ థాంక్స్. ఇంట్లో పెద్ద గొడవే అయింది, చివరికి అద్దె సోఫా మానుకున్నాం. గ్రౌటింగ్‌తో చెమ్మ తగ్గలేదు, సోమవారం టైల్స్ లేపుతున్నారు. మా పాత ఆరు బై ఆరున్నర మంచమే తెచ్చి వేస్తాం, కిటికీలు కడిగించి పగలే చూపిస్తాం. ఆషాఢంలో ఎలాగూ ఎవరూ కొనరు. నాలుగు వానలు పడ్డాక గోడ చూసుకుని శ్రావణంలో మళ్లీ పెడతాం. మరిదికి ఇంకా కోపంగానే ఉంది.

ఒక్కటే తేలలేదు. పటాలన్నీ తెచ్చేసుకోవడంతో దేవుడి గది బోసిగా ఉంది. వచ్చేవాళ్లు ఏ మతంవాళ్లో, అలాగే వదిలేద్దామని నేను. దీపం లేని ఇల్లు చూపించొద్దని అత్తయ్య.

రంగులపని_30ఏళ్లు:
దీపం పెట్టండమ్మా. అది మీ అత్తగారి తృప్తి, ఎవరికీ అడ్డు కాదు. పైన పట్టిన మసి మాత్రం ముందు గీకించండి.

ప్రగతినగర్_ఈఎంఐ:
టైల్స్ లేపినప్పుడు ఫొటోలు తీసి, పని చేసినవాళ్ల బిల్లుతో కలిపి దాచండి మేడమ్. మా ఆఫీసులో ఒకరు మియాపూర్‌లో ఇల్లు వెతుకుతున్నారు. ఆ ఫొటోలు చూపించి, శ్రావణంలో వాళ్లని నేనే తీసుకొస్తాను.