లాల్‌బాగ్‌లో పొద్దున్నే పిట్టలు చూడాలంటే బైనాక్యులర్ ఎలా సర్దుకోవాలి?

కొత్తచూపు:
మార్చిలో పొద్దున్నే బెంగళూరు లాల్‌బాగ్‌లో పిట్టలు చూడటానికి 8×42 బైనాక్యులర్ కొన్నాను. నాకు కళ్లజోడు ఉంది. గొట్టంలోంచి చూసినట్టు ఇరుగ్గా ఉంది, పక్కన నల్లటి నెలవంక ఆడుతోంది, కుడికన్ను మసక. పిట్ట దొరికినా నల్లబొమ్మలా కనిపిస్తోంది. వస్తువు మార్చేయాలా?

కంసాలిపిట్ట:
అక్కర్లేదండీ. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులు పూర్తిగా లోపలికి తిప్పేయాలి. అవి బయటికి ఉంటే కన్ను దూరమై చూపు ఇరుకవుతుంది. నెలవంక పోవాలంటే మధ్య మడతను కొద్దికొద్దిగా కదుపుతూ రెండు వలయాలూ ఒకటయ్యేదాకా సర్దండి. ఇక మసక: 50 అడుగుల దూరంలో ఏదైనా చెట్టు పేరు రాసిన పలక చూడండి. కుడి ముందద్దాన్ని చేత్తో మూసి (కన్ను మూయకండి, తెరిచిన కన్ను కూడా ముడుచుకుపోతుంది), మధ్య చక్రంతో ఎడమకంటికి అక్షరాలు తేటపరచండి. తర్వాత ఎడమ అద్దం మూసి, చక్రం ముట్టకుండా, కుడికంటి దగ్గరి రింగు తిప్పండి. చాలా మోడళ్లలో ఆ రింగు అక్కడే ఉంటుంది. ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోండి, సంచిలో రాపిడికి అది జరిగిపోతూ ఉంటుంది.

ఇదంతా చేసినా ఇరుగ్గానే ఉంటే డబ్బా మీద ఐ రిలీఫ్ (చూపు మొత్తం కనపడాలంటే కంటికీ అద్దానికీ మధ్య ఉండగల దూరం) ఎంతుందో చూడండి. 15 మి.మీ. కన్నా తక్కువైతే కళ్లజోడుతో కుదరదు, అప్పుడు మార్చుకోవాల్సిందే.

గుట్టనీడ:
నల్లబొమ్మ సమస్య అద్దాలది కాదు, ఎండది. సూర్యుడు వీపు వైపు ఉండాలి. 6 గంటలకు గేటు తీస్తారు కాబట్టి ముందు కెంపేగౌడ బురుజున్న రాతిగుట్ట ఎక్కి పడమటికి తిరిగి నిలబడండి. 300 కోట్ల ఏళ్ల నాటి రాయి అది, మనకిప్పుడు పనికొచ్చేది మాత్రం దాని ఎత్తు: కొమ్మలు కంటికి దగ్గరగా వస్తాయి, మెడ పట్టేయదు.

పిట్ట దొరకాలంటే చూపు దాని మీదనుంచి తీయకుండా బైనాక్యులర్‌నే కళ్లకు తెచ్చుకోవాలి. కిందికి చూసి మళ్లీ పైకెత్తితే పోయినట్టే. కంసాలిపిట్ట (పైన జవాబిచ్చినాయన కాదు, కాపర్‌స్మిత్ బార్బెట్ అనే పిట్ట) తో ఇంకో చిక్కు. టుక్ టుక్ అంటూ తల అటూ ఇటూ తిప్పుతుంది, అందుకే శబ్దం దిక్కు మారినట్టుంటుంది. చెవిని నమ్మకండి, ఆకుల్లేని చిటారుకొమ్మలు వెతకండి. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రటి నుదురు, పసుపు గొంతు. ముక్కు తెరవదు, కూతకూతకీ గొంతు మాత్రం ఉబ్బుతుంది.

కొత్తచూపు:
థాంక్సండీ. అద్దం మీద దుమ్ము చొక్కాతో తుడవచ్చా? దగ్గరికి రావడానికి ఫోన్లో కూత వినిపిస్తే?

కంసాలిపిట్ట:
రెండూ వద్దు. దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, తుడిస్తే పూత గీరుకుపోతుంది. ముందు బ్లోయర్, తర్వాత మెత్తటి బ్రష్, చివర్న మైక్రోఫైబర్ గుడ్డ. ఇక కూతంటారా, ఇది గూళ్లు కట్టే కాలం. ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని గూడొదిలి తిరుగుతుంది. దానికి బదులు చెరువు గట్టుకి వెళ్లండి. రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకి చాలాసేపు కదలదు. కొత్త బైనాక్యులర్‌తో ఫోకస్ తిప్పడం నేర్చుకోడానికి దానికి మించింది లేదు.