షేర్డ్ కంప్యూటర్లలో ప్రింటర్ కోసం అందరికీ అడ్మిన్ హక్కులు ఇచ్చేయాలా?

బిల్లింగ్ కౌంటర్:
మా హాస్పిటల్ రిసెప్షన్‌లో రెండు కంప్యూటర్లు ఉన్నాయి, మూడు షిఫ్టుల వాళ్లూ వాటి మీదే పని చేస్తారు, ఎవరి లాగిన్ వాళ్లదే, అన్నీ స్టాండర్డ్ అకౌంట్లు (కంప్యూటర్‌లో పెద్ద మార్పులు చేసే హక్కు లేనివి). పగలు ప్రింటర్ బాగానే పనిచేస్తుంది. రాత్రి డ్యూటీ ఆవిడ తన ఐడీతో లాగిన్ అయితే ఆ ప్రింటర్ లిస్టులోనే కనపడదు, యాడ్ చేద్దామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. డిశ్చార్జ్ బిల్లు కోసం పేషెంట్ తాలూకు వాళ్లు కౌంటర్ ముందే నిలబడి ఉంటారు, ఐటీ చూసే అబ్బాయి పొద్దున గానీ రాడు. అందరినీ అడ్మిన్లుగా మార్చేయమని మేనేజర్ గారు అంటున్నారు, ఆ అబ్బాయేమో ససేమిరా అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ల్యాబ్ ఇన్‌చార్జి:
మేనేజర్ గారి మాటే కరెక్ట్. నేను కాలేజీ ల్యాబ్ చూస్తాను, రికార్డుల సబ్మిషన్ రోజుల్లో ప్రతి లాగిన్‌కీ నేనే వెళ్లి పాస్‌వర్డ్ కొట్టాలంటే ఇక వేరే పని జరగదు. 2021కి ముందు ఈ గొడవే లేదు, సర్వర్‌లో ప్రింటర్ మీద క్లిక్ చేస్తే వచ్చేసేది.

సర్వర్ రూమ్:
సార్, 2021లో ఆ గొడవ ఊరికే రాలేదు. ప్రింట్ స్పూలర్, అంటే ప్రింట్లను వరుసలో పెట్టి ప్రింటర్‌కి పంపే విండోస్ సర్వీస్, సిస్టమ్ హక్కులతో, అంటే మెషీన్‌లో అన్నింటికన్నా పెద్ద హక్కులతో నడుస్తుంది, మామూలు యూజర్ కూడా డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పేరుతో ఏదో ఒక ఫైల్ ఎక్కించి మెషీన్ మొత్తం చేతిలోకి తీసుకోవచ్చని ప్రింట్‌నైట్‌మేర్ అనే సెక్యూరిటీ లోపంతో బయటపడింది. అందుకే ఆ ఏడాది ఆగస్టు విండోస్ అప్‌డేట్ నుంచి డ్రైవర్ ఎక్కించాలంటే అడ్మిన్ కావాలి. పేషెంట్ల వివరాలున్న కంప్యూటర్‌లో ప్రింటర్ కోసం అందరినీ అడ్మిన్లు చేస్తే, రాత్రి ఎవరో ఒకరు మెయిల్‌లో వచ్చిన అటాచ్‌మెంట్ తెరిచి, అడిగినప్పుడు 'యెస్' నొక్కితే చాలు, అది కూడా అడ్మిన్ హక్కులతో నడుస్తుంది.

బిల్లింగ్ కౌంటర్ గారూ, మీ దగ్గర రెండు సమస్యలు కలిసిపోయాయి. సర్వర్ నుంచి షేర్ చేసిన ప్రింటర్ కనెక్షన్ ఆ యూజర్ ప్రొఫైల్‌కే పరిమితం, పగటి షిఫ్టు వాళ్లు యాడ్ చేసుకున్నది రాత్రి వాళ్లకు రాదు. పాస్‌వర్డ్ అడగడం వేరే సంగతి, ఆవిడ ఎలా యాడ్ చేస్తున్నారో చెప్పండి.

విండోస్ మెకానిక్:
ఇంత చర్చ ఎందుకు బ్రదర్, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) రిస్ట్రిక్ట్ డ్రైవర్ ఇన్‌స్టలేషన్ టు అడ్మినిస్ట్రేటర్స్ అని ఒక వాల్యూ ఉంటుంది, దాన్ని 0 చేయండి, అడ్మిన్ ఇవ్వక్కర్లేదు, పాస్‌వర్డూ అడగదు.

సర్వర్ రూమ్:
అది 0 చేస్తే మూసిన దారినే మళ్లీ తెరిచినట్టు. మిగతా సెట్టింగులు ఎన్ని పెట్టినా దాన్ని 1లో ఉంచడంతో సమానం కాదని మైక్రోసాఫ్టే రాసింది. ఎక్కడ ఎవరు ఈ సలహా ఇచ్చినా దయచేసి పాటించకండి.

బిల్లింగ్ కౌంటర్:
కనుక్కున్నాను. పగటి వాళ్లది సర్వర్ నుంచి తెచ్చుకున్నది. రాత్రి ఆవిడ ప్రింటర్ మీద అంటించిన ఐపీ నంబర్ (నెట్‌వర్క్‌లో ప్రింటర్ అడ్రస్) చూసి దాంతో యాడ్ చేయబోతున్నారు.

సర్వర్ రూమ్:
అదీ సంగతి. ఐపీతో యాడ్ చేస్తే ఆ మెషీన్‌లో కొత్త పోర్టు (ప్రింటర్‌కి చేరే దారి) తయారు కావాలి, దానికి అడ్మిన్ కావాల్సిందే. కానీ అలా వచ్చిన ప్రింటర్ మెషీన్‌ది, అందరి లాగిన్లలోనూ కనిపిస్తుంది. మీ ఐటీ అబ్బాయిని రెండు కంప్యూటర్లలోనూ ఒక్కసారి టీసీపీ ఐపీ పోర్టుతో యాడ్ చేయమనండి, రూటర్‌లో ఆ ప్రింటర్‌కి ఐపీ రిజర్వ్ చేయమనండి, లేకపోతే కరెంట్ పోయొచ్చాక నంబర్ మారి మళ్లీ మొదటికొస్తుంది. సర్వర్ ద్వారానే ఉండాలంటే ప్రింట్ యూఐ (printui) కమాండ్‌కి జీఏ (/ga) ఆప్షన్ ఇచ్చి మెషీన్ మొత్తానికి కనెక్షన్ పెట్టి, స్పూలర్ రీస్టార్ట్ చేస్తే తర్వాత లాగిన్ అయ్యే ప్రతి ఒక్కరికీ వస్తుంది.

ల్యాబ్ ఇన్‌చార్జి:
ప్రింటర్ కనిపిస్తే సరిపోతుందా? ముందు షిఫ్టు వాళ్లు ఇచ్చిన ప్రింట్ క్యూలో ఇరుక్కుంటే స్టాండర్డ్ యూజర్ దాన్ని డిలీట్ చేయలేరు, తనది తప్ప వేరేవాళ్లది కదలదు. అర్ధరాత్రి అప్పుడేం చేస్తారు? అడ్మిన్ ఇవ్వమనేది అందుకే.

సర్వర్ రూమ్:
మంచి పాయింట్, చాలామంది అడ్మిన్ ఇచ్చేసేది ఇక్కడే. కానీ దానికీ అక్కర్లేదు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి, బిల్లింగ్ వాళ్ల గ్రూప్‌కి మేనేజ్ డాక్యుమెంట్స్ టిక్ పెట్టండి. ఎవరి ప్రింట్ ఇరుక్కున్నా తీసేయగలరు, మెషీన్‌లో ఇంకేమీ మార్చలేరు. హక్కు ప్రింటర్ మీద ఇవ్వాలి, కంప్యూటర్ మీద కాదు.

ల్యాబ్ ఇన్‌చార్జి:
ఆ ట్యాబ్ సంగతి మా ల్యాబ్‌లోనూ చూస్తాను. అయినా స్పూలరే ఆగిపోతే? రాత్రి డ్యూటీలో ఒక్కరి దగ్గరైనా అడ్మిన్ ఐడీ ఉండాలనే అంటాను.

సర్వర్ రూమ్:
డొమైన్ (అన్ని కంప్యూటర్లనీ లాగిన్లనీ ఒకేచోట నుంచి నడిపే ఏర్పాటు) ఉంటే విండోస్ ల్యాప్స్ (అడ్మిన్ పాస్‌వర్డ్‌లను తానే మారుస్తూ భద్రపరిచే విండోస్ సౌకర్యం) పెట్టండి, ఒక్కో మెషీన్‌కి ఒక్కో అడ్మిన్ పాస్‌వర్డ్, అవసరం పడ్డ రాత్రి ఫోన్‌లో చెప్పినా వాడాక మారిపోయేలా సెట్ చేయొచ్చు. చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించే పాస్‌వర్డ్‌కి మాత్రం నేను ఒప్పుకోను.

బిల్లింగ్ కౌంటర్:
మాకు డొమైన్ ఉందో లేదో అడుగుతాను. ఐపీ, సెక్యూరిటీ ట్యాబ్ పని రేపే చేయిస్తాను, మేనేజర్ గారికి ఇవే పోస్టులు చూపిస్తాను.