త్రీడీ చిత్రం చూడవలసింది ఇంట్లోనా, హాల్లోనా?

బరంపురం వాసి:

2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ త్రీడీలో కూడా విడుదలైనప్పుడు ఒడిశాలోని మా బరంపురం తెలుగు కుటుంబాల్లో మొదలైన వాదన ఇంకా తెగలేదు. మంచి తెర కావాలంటే దాదాపు 275 కిలోమీటర్లు ప్రయాణించి విశాఖపట్నం వెళ్లాల్సిందేనని కొందరంటున్నారు. ఇంటిల్లిపాదికీ అయ్యే రైలు ఛార్జీలు, టికెట్లు, తిండి ఖర్చులు నాలుగైదు చిత్రాలకు లెక్కగడితే ఒక ప్రొజెక్టరు కొనుక్కోవచ్చని మరికొందరంటున్నారు. ఏది సబబో, కారణాలతో సహా చెప్పగలరు.

రాయగడ ప్రేక్షకుడు:

నేను హాలు పక్షమే. త్రీడీలో లోతు తెర కొలతను బట్టి మారిపోతుంది, ఈ సంగతిని చాలామంది పట్టించుకోరు. మన రెండు కళ్ల మధ్య ఎడం సుమారు 63 మిల్లీమీటర్లు. కుడికంటికి చూపే బొమ్మకూ ఎడమకంటికి చూపే బొమ్మకూ మధ్య తెర మీద అంతే ఎడం ఉంటే, ఆ వస్తువు మనకు అనంతదూరంలో ఉన్నట్టు తోస్తుంది. 10 మీటర్ల వెడల్పు తెర కోసం అలా కూర్చిన దృశ్యాన్ని ఒక మీటరు వెడల్పున్న టీవీలో వేస్తే, ఆ ఎడం 6 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. రెండున్నర మీటర్ల దూరాన కూర్చుని చూసేవారికి ఆకాశపు అంచున ఉండవలసిన కొండలు టీవీకి జానెడు వెనక నిలబడతాయి. దర్శకుడు ఏళ్ల తరబడి శ్రమించి కట్టిన లోకాన్ని అలా అలమరాలో సర్ది చూడటం నాకు బాధగా ఉంటుంది.

పర్లాకిమిడి ఉపాధ్యాయిని:

రాయగడవారి లెక్క టీవీకి సరిగ్గా వర్తిస్తుంది. అయితే ప్రశ్న ప్రొజెక్టరు గురించి కదండీ. రెండున్నర మీటర్ల వెడల్పు తెరకు మూడు మీటర్ల దూరాన కూర్చుంటే, హాలు మధ్య వరుసల్లో కూర్చున్నట్టే తెర మన చూపును నింపుతుంది. లోతు మాత్రం తెర వెనక మీటరు దగ్గరే ఆగుతుంది, అది నిజమే.

కానీ హాలు పక్షంవారు వెలుగు మాట ఎత్తరేం? డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం మామూలు చిత్రానికి తెర మీద 14 ఫుట్ లాంబర్ట్‌ల (తెర వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు ఉండాలి. త్రీడీలో ఫిల్టరునూ కళ్లద్దాలనూ దాటి కంటికి చేరేది సాధారణంగా నాలుగైదే. హాలు ప్రొజెక్టరులోని దీపం పాతబడితే అదీ ఉండదు. పోలరైజ్డ్ కళ్లద్దాల పద్ధతికి వెండిపూత తెర తప్పనిసరి, ఎందుకంటే మామూలు తెల్లతెర కాంతి ధ్రువణాన్ని, అంటే కాంతి కంపించే దిశను, చెదరగొట్టి ఒక కంటి బొమ్మను రెండో కంటికి చేరవేస్తుంది. నేను వెళ్లిన ఒక హాల్లో (పేరు అనవసరం) రాత్రి సన్నివేశాల్లో నటుల ముఖాలే ఆనలేదు, ప్రతి అంచు పక్కనా ఒక నీడ కనిపించింది. ఒక రోజంతా ప్రయాణం చేసి వచ్చిన పిల్లలు విరామానికి ముందే కళ్లద్దాలు తీసేశారు. ఇంట్లో గదిని పూర్తిగా చీకటి చేసి, డీఎల్‌పీ (చిన్న చిన్న అద్దాలతో బొమ్మ వేసే) ప్రొజెక్టరుకు షట్టర్ కళ్లద్దాలు, అంటే రెండు కళ్లనూ వంతులవారీగా మూసేవి, వాడితే ఆ నీడలు దాదాపు ఉండవు. ఈ కళ్లద్దాలూ సగానికి పైగా వెలుగును తినేస్తాయి గాని, తెర చిన్నది కాబట్టి మిగిలిన వెలుగు చాలుతుంది.

గుణుపురం నుంచి:

అంతా బాగుంది, ఆ ప్రొజెక్టరులో వేయడానికి చిత్రాలేవి? త్రీడీ టీవీల తయారీని శామ్‌సంగ్ 2016లో, ఎల్‌జీ, సోనీ 2017లో ఆపేశాయి. 2013లో ‘ఓం’, 2015లో ‘రుద్రమదేవి’ త్రీడీలోనే తీశారు, కానీ ఈనాడు ఓటీటీలో తెలుగు చిత్రమేదైనా చదునుగానే వస్తుంది. త్రీడీ బ్లూరే డిస్కులు దొరికినా అవి దాదాపు అన్నీ ఇంగ్లీషువే. మన ఊళ్ల హాళ్లలో ఆడే విదేశీ చిత్రాలూ చాలామటుకు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. మా అమ్మమ్మకు తెలుగు మాట వినిపిస్తూ త్రీడీ చూపించాలంటే సరిహద్దు దాటి విశాఖ వెళ్లడం తప్ప నాకు మరో దారి లేదు. ప్రొజెక్టరు కొనేముందు ఈ ఒక్క విషయం ఆలోచించమని బరంపురం వారిని కోరుతున్నాను.

పర్లాకిమిడి ఉపాధ్యాయిని:

గుణుపురం వారి మాటకు నా దగ్గర బదులు లేదు, కోపం మాత్రం ఉంది. చిత్రం త్రీడీ కాపీ నిర్మాత దగ్గర సిద్ధంగానే ఉంటుంది, హాళ్లకు పంపింది అదే కదా. ఆపిల్ సంస్థ 2024లో తెచ్చిన విజన్ ప్రో హెడ్‌సెట్‌లో, ఒక్కో కంటికి ఒక్కో తెర ఉన్న ఆ పరికరంలో, త్రీడీ చిత్రాలను ఇంటికే అమ్ముతున్నారు. అంత ఖరీదైన పరికరం మనబోటి వాళ్లకు అందదు, నిజమే. కానీ ఇంటికి త్రీడీ అమ్మడం సాధ్యమేనని అది రుజువు చేసింది. హాళ్లలో ఆట ముగిశాక తెలుగు నిర్మాతలు ఆ కాపీని అద్దెకైనా ఇవ్వాలి. అప్పటిదాకా విశాఖ వెళ్లదలచినవారు అక్కడివారిని ముందుగా తెర సంగతి, దీపం సంగతి అడిగి, పక్క సీట్లలో వెలుగు మరీ తగ్గుతుంది కాబట్టి మధ్య వరుసలో నడిమి సీట్లే బుక్ చేసుకోండి.