షూట్ రోజు పొద్దున్నే నల్ల జుట్టుకి రాగి రంగు వేయమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

కొత్తదువ్వెన:
అందరికీ నమస్తే. సెలూన్ ఉద్యోగం వదిలేసి ఈ మధ్యనే ఫ్రీలాన్స్ మొదలుపెట్టాను. షూట్లకి ఇంతవరకూ స్టైలింగ్ ఒక్కటే చేశాను, కలరింగ్ అంతా సెలూన్‌లోనే. ఇప్పుడు ఒక దుస్తుల బ్రాండ్ ఫొటో షూట్‌కి హెయిర్ మొత్తం నన్నే చూసుకోమన్నారు. మోడల్‌ది నడుము దాకా నల్లటి జుట్టు. వాళ్లకి కావాల్సింది పైనంతా రాగి రంగు, చివర్లకి వచ్చేసరికి తేనె రంగులోకి తేలిపోవాలి. పొద్దున ఆరింటికి మొదలుపెడితే పదింటికి కెమెరా ముందు నిలబెట్టగలరా అని అడుగుతున్నారు. మోడల్‌తో ఫోన్‌లో మాట్లాడితే ఏడాది కిందటి వరకూ క్రమం తప్పకుండా హెన్నా పెట్టుకునేదాన్ని, ఆ తర్వాత ఒకసారి ఇంట్లోనే నల్ల కలర్ వేసుకున్నాను అంది. నాలుగు గంటల్లో ఇది అయ్యే పనేనా? డబ్బుల సంగతి ఎలా మాట్లాడాలి, ప్రొడక్ట్స్ ఖర్చు నేనే పెట్టుకోవాలా? కుదరదంటే ఇంకొకరిని పిలుస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

కత్తెరక్క:
పని ఒప్పుకోండి, ఆ టైం మాత్రం ఒప్పుకోకండి.

జుట్టు నెలకి ఒక సెంటీమీటరు, కాస్త అటూఇటూగా పెరుగుతుంది. అంటే ఆ అమ్మాయి హెన్నా మానేసి ఏడాదైనా, హెన్నా తగలని జుట్టు కుదుళ్ల నుంచి ఓ 12 నుంచి 15 సెంటీమీటర్లే. అక్కడి నుంచి నడుము దాకా ఉన్నదంతా హెన్నా పట్టిందే, దాని మీద ఇంటి కలర్ ఒకటి. వాళ్లు తేనె రంగు కావాలంటున్న చివర్లున్నాయి చూశారా, అవే అన్నిటికంటే పాతవి, అన్నిటికంటే ఎక్కువసార్లు హెన్నా తాగినవి. ఎక్కడ ఎక్కువ తేలాలంటున్నారో, అంటే రంగు లేతబడాలంటున్నారో, అక్కడే జుట్టు అస్సలు మాట వినదు. ఇది వాళ్లకి విడమరిచి చెబితే చాలు, టైం ఎందుకు అడుగుతున్నారో అర్థమవుతుంది.

అసలైన భయం హెన్నాలో ఏం కలిసిందన్నది. ఉత్త ఆకు పొడి అయితే మొండిగా పట్టుకుని ఉంటుంది, అంతవరకే. కానీ కొన్ని ప్యాకెట్లలో లోహ లవణాలు కలుపుతారు, అవి బ్లీచ్‌లో కలిపే పెరాక్సైడ్‌తో కలిస్తే వేడెక్కిపోయి జుట్టు అక్కడికక్కడే తెగొచ్చు. నీలి ఆకు కలిసిన దాని మీద బ్లీచ్ వేస్తే ఆకుపచ్చగా తేలుతుంది. కాబట్టి వారం ముందే ఆ అమ్మాయి దువ్వెనకి వచ్చిన వెంట్రుకలు తెప్పించుకోండి, చివర్ల నుంచి చిన్న పాయ కత్తిరించి ఇచ్చినా సరే. గాజు గిన్నెలో కొంచెం బ్లీచ్, 20 వాల్యూమ్ డెవలపర్ (ఆ పెరాక్సైడ్ ద్రవమే, వాల్యూమ్ అంటే దాని ఘాటు) కలిపి అందులో ముంచి దగ్గరే ఉండి చూడండి. బుడగలు కక్కినా, గిన్నె అంటుకుంటే వేడిగా తగిలినా ఆ తలకి బ్లీచ్ పెట్టకూడదు, అంతే. ఏమీ కాకపోతే ఎంతసేపటికి ఏ రంగుకి వచ్చిందో రాసుకోండి. తర్వాత ఆ పాయని తడిపి మెల్లగా లాగి వదలండి, రబ్బరులా సాగిందంటే అది ఇంకోసారి తట్టుకోదు.

మీకు ఒకటి కలిసొచ్చింది. వాళ్లు బూడిద రంగు అడగలేదు, రాగి అడిగారు. నల్ల జుట్టు తేలేటప్పుడు ఎరుపు, నారింజ, పసుపు మీదుగానే పోతుంది కదా, రాగికి నారింజ దగ్గర ఆపేసి పైన కలర్ వేస్తే సరిపోతుంది. లేత పసుపు దాకా లాగాల్సిన పని లేదు. అయితే పాత కృత్రిమ నలుపుని మామూలు కలర్ తేల్చలేదు, బ్లీచ్ తప్పదు. టైం లేదని 40 వాల్యూమ్ జోలికి పోకండి, అది 12 శాతం పెరాక్సైడ్. 20 వాల్యూమ్‌తో, అంటే 6 శాతంతో నిదానంగా చేయండి. మాడు వేడికి కుదుళ్ల దగ్గర తొందరగా తేలిపోతుంది, అందుకని మధ్యలో, చివర్లలో ముందు పెట్టి కుదుళ్లకి ఆఖర్న పెట్టండి.

ప్యాచ్ టెస్ట్, అంటే చర్మం మీద కొంచెం కలర్ రాసి ఎలర్జీ వస్తుందేమో చూడటం, కూడా 48 గంటల ముందు చేయాల్సిందే, చెవి వెనకో మోచేతి మడతలోనో. ఇంతకుముందు ఇంట్లో వేసుకుంది కదా అని వదిలేయొద్దు. కలర్‌లో ఉండే పీపీడీ అనే రసాయనానికి ఎలర్జీ మొదటిసారి రాకపోయినా తర్వాత రావచ్చు. కెమెరా ముందు కనురెప్పలు వాచిపోయిన మోడల్‌ని ఏం చేస్తారు?

వెలుగునీడ:
నేను ఫొటోగ్రాఫర్‌ని, అక్క చెప్పని వైపు చెబుతాను. అప్పుడే వేసిన రాగి రంగు నాకూ ఇబ్బందే. నుదుటి అంచున, చెవుల మీద మరకలుంటాయి, మేకప్ కింద నుంచి కూడా కెమెరాకి కనబడతాయి. లేత రంగు బట్టలైతే మెడ దగ్గర చెమటకి రంగు దిగుతుంది. రెండు మూడు రోజుల ముందు చేసి, మధ్యలో ఒకసారి తలస్నానం అయితే నాకు హాయి.

ఏ లైట్లు వాడుతున్నారో తప్పకుండా అడగండి. ఫ్లాష్ సుమారు 5500 కెల్విన్ (వెలుగు రంగుని కొలిచే లెక్క), పగటి వెలుగుకి దగ్గర. పసుపు బల్బుల సెటప్ 3200 ఉంటుంది, కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనబడేలా చేసే సెట్టింగ్) దానికి సరిచేయకపోతే మీ రాగి ఇటుక రంగైపోతుంది. కలర్ అయ్యాక ఒక పాయని కిటికీ దగ్గర, ఒకసారి బల్బు కింద ఫొటో తీసి వాళ్లకి పంపితే తర్వాత వాదనలుండవు.

ఇంకో మాట, తల మొత్తం మార్చాలా అని అడిగారా? చాలా ఫ్రేముల్లో కనబడేది ముఖం చుట్టూ ఉన్న జుట్టు, పాపిడి, భుజాల మీద పడే చివర్లు. ఎడిటింగ్‌లో చూసుకుందాం అని ఎవరైనా అంటే నమ్మొద్దు. చిక్కటి నలుపులో వెంట్రుకల గీతలే ఉండవు, అక్కడ రాగి పూస్తే విగ్గులా కనిపిస్తుంది. అదే కొంచెం తేలిన జుట్టైతే షేడ్ అటూఇటూ జరపడం మాకు తేలిక.

కొత్తదువ్వెన:
చాలా థాంక్స్ అక్కా, థాంక్స్ అండి. మోడల్‌ని మళ్లీ అడిగితే ఆ హెన్నా ప్యాకెట్ పేరు గుర్తులేదంది. పాయ పంపిస్తోంది. చివర్లకి క్లిప్ ఎక్స్‌టెన్షన్లు (క్లిప్‌తో తగిలించే విడి జుట్టు పాయలు) వాడితే బ్లీచ్ గొడవ తప్పుతుంది కదా, రంగు కలుస్తుందా?

కత్తెరక్క:
కలుస్తుంది, నేనైతే అదే చేస్తాను. అసలైన జుట్టుతో చేసినవే తీసుకోండి, సింథటిక్‌కి మన కలర్ పట్టదు, ఐరన్ తగిలితే కరుగుతుంది. లేత రంగువి కొని ముదురు చేసుకోవడం సులువు, ముదురువి కొని తేల్చబోతే పీచైపోతాయి. ఫ్యాక్టరీలో అవి ఒకసారి బ్లీచ్ అయి వస్తాయి గనక కలర్‌ని గబుక్కున లాగేసుకుంటాయి, రెండు మూడు నిమిషాలకోసారి తుడిచి చూడండి. మోడల్ జుట్టు చివర్లని లోపలికి మడిచి పిన్ చేస్తే నలుపు బయటికి రాదు.

పనిరేటు:
డబ్బుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. కలర్ రోజు వేరు, షూట్ రోజు వేరు, రెండిటికీ విడివిడిగా రేటు చెప్పండి. కలరింగ్‌కి గంటల లెక్క పెట్టకండి, తేలని జుట్టుకి మీరెంత కష్టపడాలో ముందే ఎవరికి తెలుసు, ఒక మొత్తం అనుకుని రెండో సిట్టింగ్ అవసరమైతే ఎంతో అదీ రాయండి. బ్లీచ్, కలర్, ఎక్స్‌టెన్షన్లు అన్నీ వాళ్ల ఖర్చే, కొనకముందే అంచనా పంపి ఆ డబ్బు అడ్వాన్స్‌గా తీసుకోండి. షూట్ క్యాన్సిల్ అయితే ఎంత మిగుల్చుకుంటారో, అనుకున్న టైం దాటితే గంటకి ఎంతో కూడా మెసేజ్‌లో కాకుండా కాగితం మీద ఉండాలి. ఫొటో కింద పేరు వేస్తాం, రేటు తగ్గించండి అని అడుగుతారు. పేరు వేయడం మామూలు మర్యాద, దానికి డిస్కౌంట్ ఏంటి?

అన్నిటికంటే ముఖ్యమైనది మోడల్ సంతకం. హెన్నా సంగతి, కలర్ మార్పు, జుట్టు కొంత దెబ్బతినొచ్చని తెలిసి ఒప్పుకున్నానని ఆమే రాసివ్వాలి, బ్రాండ్ వాళ్లు ఒప్పుకుంటే సరిపోదు, తల ఆమెది. ఆమెకి నల్ల జుట్టుతోనే ఇంకో షూట్ ఒప్పందం ఉండొచ్చు, అదీ అడగండి. షూట్ అయ్యాక మళ్లీ నలుపుకి తెచ్చే పని ఎవరి ఖర్చో ఇప్పుడే తేలిపోవాలి, చాలామంది మర్చిపోయేది ఇదే.

వెలుగునీడ:
సెట్ మీద వరుస గురించి ఒక్క మాట. వదులు జుట్టు లుక్కులు ముందు, జెల్ పెట్టి అంటించేవి ఆఖర్న ఉండేలా మీరే షెడ్యూల్ అడగండి, మధ్యలో తల కడిగే టైం ఎవరూ ఇవ్వరు. కర్ల్స్ చుట్టాక చల్లారేదాకా క్లిప్ తీయొద్దు. ఎగిరే చిన్న వెంట్రుకలకి స్ప్రేని టూత్‌బ్రష్ మీద కొట్టి దాంతో దువ్వండి, నేరుగా తల మీద కొడితే ఫ్లాష్‌కి తెల్లటి చుక్కల్లా మెరుస్తాయి. సీరం అరచేతిలో బాగా రుద్దాక చివర్లకే, కుదుళ్లకి తగిలితే నూనె రాసినట్టు పడుతుంది.

కొత్తదువ్వెన:
ఆ షూట్ ఫొటోగ్రాఫర్‌తో ఇప్పుడే మాట్లాడాను. మూడు రోజుల ముందు కలర్‌కి ఒప్పుకున్నారు, చివర్లకి ఎక్స్‌టెన్షన్లు సరేనన్నారు. మళ్లీ నల్లగా చేసే ఖర్చు మాత్రం బ్రాండ్‌ని అడిగి చెబుతారట. అది తేలాకే అడ్వాన్స్ తీసుకుంటాను, పాయ రాగానే టెస్ట్ ఫొటో ఇక్కడ పెడతాను, చూసి చెప్పండి.