అంధ విద్యార్థికి ట్యాబ్ ఎప్పుడివ్వాలి? బ్రెయిలీ వచ్చాకా, ముందేనా?

రిసోర్స్ టీచర్:
ఆరో తరగతిలో చూపు పూర్తిగా లేని పిల్లలు ఇద్దరు, కొద్దిగా కనిపించే పాప ఒకతె ఉన్నారు. ఒక దాత ట్యాబ్‌లు ఇచ్చారు. బ్రెయిలీ మీద పట్టు వచ్చేదాకా వాటిని చేతికివ్వకూడదంటాను. తెర మీదున్నది పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్ చదివితే పిల్లలకు పాఠం అర్థమవుతుంది, కాదనను. రాయమన్నప్పుడే తెలుస్తుంది అసలు సంగతి. 'విశేషం'లో శ ఎక్కడో, ష ఎక్కడో తెలియదు. ఇంగ్లీషులో 'నైఫ్' ముందు కె ఉందని చెవికెలా తెలుస్తుంది? ఆ బ్రెయిలీ చుక్కలు వేలికి తగలాల్సిందే.

డిగ్రీ విద్యార్థి (అంధుడిని):
మేడమ్, నేను బ్రెయిలీలోనే చదువుకున్నాను. స్పెల్లింగ్ విషయంలో మీ మాటే నా మాట. కానీ ఒక్క సోషల్ పుస్తకం బ్రెయిలీలో ఎన్ని లావుపాటి సంపుటాలవుతుందో మీకు తెలియనిది కాదు. మా బడికి అవి సగం ఏడాది గడిచాక వచ్చేవి. అందాకా పక్కవాడు చదివి పెడితేనే చదువు. అసలు ఈ రెంటికీ పోటీ ఎందుకు? టాక్‌బ్యాక్‌లో 2020 నుంచి బ్రెయిలీ కీబోర్డు ఉంది. తెర మీదే ఆరు వేళ్లతో చుక్కలు కొట్టొచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగ్ దానిమీదే రాయించండి.

ఒక తల్లి:
మా పాపకు కొంచెం చూపుంది. ఇలాంటి పిల్లలను కూడా అంధుల లెక్కలో వేసి టాక్‌బ్యాక్ ఒక్కటే నేర్పితే ఎలా? అక్షరాలు పెద్దవి చేసి, నల్ల తెర మీద తెల్లగా పెడితే తనే చదువుకుంటుంది. సాయంత్రానికి కళ్లు లాగుతాయి, అప్పుడు వింటుంది. ఇంకో మాట, దాత కోసం ఎదురుచూడటం దేనికి? 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 18 ఏళ్లదాకా పుస్తకాలు, సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలి కదా.

కంప్యూటర్ ట్రైనర్:
ఎప్పుడివ్వాలన్న దానికన్నా ఎలా నేర్పుతున్నామన్నది నాకు పెద్ద సమస్య. పిల్లవాడి వేలు పట్టుకుని ఐకాన్ మీద పెట్టే టీచర్లను చూశాను. రేపు ఆ ఐకాన్ జరిగితే వాడేం చేస్తాడు? ఒక వేలితో కుడికి జరిపితే తర్వాతి అంశం, రెండుసార్లు తడితే తెరుచుకోవడం. ముందు ఈ రెండూ చేతికి అలవాటు కావాలి. టీచర్ కూడా కళ్లు మూసుకుని ఒక మెసేజ్ పంపి చూడాలి, ఎక్కడ టెన్షన్ మొదలవుతుందో తెలుస్తుంది. ఇక మన నోట్స్ సంగతి సరేసరి. అను అనే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైలు చూపున్నవాళ్లకు తెలుగే, టాక్‌బ్యాక్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. యూనికోడ్‌లో, అంటే ఏ పరికరమైనా తెలుగును తెలుగుగా గుర్తుపట్టే పద్ధతిలో, లేని పాఠాన్ని ఏ ట్యాబ్ చదువుతుంది?

రిసోర్స్ టీచర్:
యూనికోడ్ మాట నిజమే, మా నోట్స్ అన్నీ అనులోనే ఉన్నాయి. మళ్లీ టైప్ చేయిస్తాను. సోషల్, సైన్సులకు ట్యాబ్ ఇస్తాను, పాపకు అక్షరాలు పెద్దవి చేసి ఇస్తాను. లెక్కలకు మాత్రం ఇవ్వను. భిన్నంలో పైన ఏముందో, కింద ఏముందో టేలర్ ఫ్రేమ్ మీద, అంటే అంకెల దిమ్మెలు గుచ్చి లెక్క చేసే గళ్ల పలక మీద, తడిమి చూడాలి. విని గుర్తుపెట్టుకుని లెక్క చేయమంటే చూపున్న పిల్లలైనా చేయలేరు.

డిగ్రీ విద్యార్థి:
లెక్కల దగ్గర మీతో వాదన లేదు మేడమ్. తెలుగు పీరియడ్‌కు కూడా బ్రెయిలీ పుస్తకమే ఉంచండి.